ఆ నిమిషం ఎవరిది? అపారెల్ చదువుకునే పిల్లలతో ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి నాన్నా, మైకులో హోరు వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

మీ హెచ్ఓడీ గారు నాకు ఇచ్చిన టాపిక్ అపారెల్ మాన్యుఫాక్చరింగ్, మర్చండైజింగ్‌లో అవకాశాలు అని. అవకాశాల గురించి చివర్లో అడగండి, తెలిసినంత చెప్తాను. కానీ అంతకంటే ముందు మీకు చెప్పాల్సింది ఒకటుంది, అసలు నేను వస్తానని ఒప్పుకున్నదే అది చెప్పడానికి.

ఈ కోర్సులో చేరిన పిల్లలు ఫస్ట్ ఇయర్‌లోనే మనసులో ఒక గీత గీసేసుకుంటారు. గీతకి ఇటు మర్చండైజింగ్, అంటే బట్టలు కొనే బ్రాండు, మనం బయర్ అంటాం, వాళ్ళతో మాట్లాడి రేటు కట్టి ఆర్డర్ నడిపించే పని, ఏసీ ఆఫీసు, ల్యాప్‌టాప్, బయర్‌తో మెయిల్స్, సాంపిల్స్, అప్పుడప్పుడు ఫారిన్ ట్రిప్పు. అటు ప్రొడక్షన్, అంటే ఫ్లోరు, మిషన్ల చప్పుడు, ఉక్కపోత, టార్గెట్లు. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు చాలామంది ‘మర్చండైజింగ్ అయితేనే చేస్తాను మేడమ్, ఫ్లోర్ వద్దు’ అంటారు. ఇంట్లో అమ్మానాన్నలదీ అదే మాట, ఇంత ఫీజులు కట్టి చదివించింది కుట్టు మిషన్ల మధ్య నిలబడ్డానికా అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ గీత నిజానికి లేదు, అది ఉందనుకుని పనిచేసే మర్చండైజర్ వల్ల ఫ్లోర్‌లో ఎవరెవరు ఎంతెంత నలిగిపోతారో నేను కళ్ళారా చూశాను.

సరే, ఒక మామూలు టీషర్టు తీసుకుందాం. రౌండ్ నెక్, హాఫ్ హ్యాండ్స్, 160 జీఎస్ఎం కాటన్ సింగిల్ జెర్సీ. బయర్ టెక్‌ప్యాక్ పంపాడు, అందులో స్కెచ్ ఉంటుంది, కొలతల చార్టు ఉంటుంది, ఎక్కడ ఏ కుట్టు, అంగుళానికి ఎన్ని కుట్లు, లేబుల్ ఎక్కడ, మడత ఎలా, అట్టపెట్టెలో ఎన్ని పీసులు, అన్నీ ఉంటాయి. లక్ష పీసులు కావాలి, రేటు చెప్పు అన్నాడు. మర్చండైజర్ మొట్టమొదట చేయాల్సింది పీసుకి ఎంత బట్ట పడుతుందో లెక్క కట్టడం. పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి. బాడీ పొడవు 72 సెంటీమీటర్లు, చెయ్యి 22, కుట్టుకీ అంచు మడతకీ కలిపి 10, మొత్తం 104. ఛాతీ సగం కొలత 54, కుట్టుకి 4 వేస్తే 58. 104ని 58తో గుణించి, ముందు భాగం వెనక భాగం కాబట్టి మళ్ళీ 2తో గుణిస్తే 12,064 చదరపు సెంటీమీటర్లు, అంటే 1.2 చదరపు మీటర్ల పైచిలుకు. చదరపు మీటరు బరువు 160 గ్రాములు కాబట్టి పీసుకి 193 గ్రాములు. కటింగ్‌లో పోయేది, ఎండ్ బిట్లు, రిజెక్షన్ అన్నిటికీ కలిపి 8 శాతం వేసుకుంటే 208 గ్రాములు.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు, ఎక్సెల్ చేస్తుంది. లక్ష పీసులకి 20.8 టన్నుల బట్ట. ఇందులో 2 శాతం తేడా వచ్చిందనుకోండి, 416 కిలోలు. కిలో 500 రూపాయలు అనుకుంటే 2 లక్షల 8 వేలు. ఆ 2 శాతం ఎక్కడ పుడుతుందో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తెలీదు, కటింగ్ టేబుల్ దగ్గర తెలుస్తుంది. బట్ట వెడల్పు రోల్‌కీ రోల్‌కీ ఒకేలా ఉండదు, వెడల్పు తక్కువున్న రోల్‌కి మార్కర్, అంటే ముక్కలు బట్ట మీద ఎలా పేర్చి కోయాలో చూపే పటం, సరిపోదు, లే వేసేటప్పుడు, అంటే బట్ట పొరలు పరిచేటప్పుడు, రెండు చివర్లా కాస్త కాస్త వదలాలి, రోల్ మధ్యలో హోల్ ఉంటే అక్కడ కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టాలి. నిట్ బట్టని, అంటే టీషర్టులకి వాడే అల్లిక బట్టని, రోల్ విప్పగానే కోసేయకూడదు, విప్పి ఒక రాత్రయినా రిలాక్స్ అవనివ్వాలి, లేకపోతే కోసిన తర్వాత ముక్క కుంచించుకుపోతుంది, కుట్టాక కొలత తక్కువొస్తుంది. ఆ రాత్రి మీ షెడ్యూల్‌లో ఉందా? ‘ఫాబ్రిక్ ఇన్‌హౌస్ సోమవారం, కటింగ్ సోమవారం’ అని ప్లాన్ వేసే మర్చండైజర్‌కి ఫ్లోర్ మీద నిట్ బట్ట ఎలా ప్రవర్తిస్తుందో తెలీదన్నమాట.

బట్ట సంగతి అయింది, ఇప్పుడు నిమిషాల సంగతి. ఈరోజు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఒక ఫార్మల్ షర్టు ఉంది, దాని ఎస్ఎంవీ 20 అనుకుందాం. అంటే మామూలు స్పీడుతో పనిచేసే ఆపరేటర్లు, సరైన పద్ధతిలో, అలసట అలవెన్సులు కలుపుకుని, ఆ షర్టు పూర్తిగా కుట్టడానికి పట్టే మొత్తం నిమిషాలు. కాలర్, కఫ్, గుండీల పట్టీ అంటే ప్లాకెట్, భుజాల మీది ముక్క అంటే యోక్, చేతులు, సైడ్ సీమ్, కింద మడత, కాజాలు, గుండీలు, అన్నీ కలిపి. లైన్‌లో 30 మంది ఉన్నారు, రోజుకి 8 గంటలు, అంటే ఒక్కొక్కరికి 480 నిమిషాలు, లైన్ మొత్తానికి 14,400. ఇరవైతో భాగిస్తే 720 షర్టులు. కాగితం మీద. నిజంగా సాయంత్రానికి బయటికొచ్చేది 360 అయితే ఆ లైన్ ఎఫిషియెన్సీ 50 శాతం. మరి మిగతా సగం ఏమైంది? ఫ్లోర్ మేనేజర్‌ని అడిగితే ఆపరేటర్లు సరిగ్గా పనిచేయట్లేదు అంటాడు, చాలాసార్లు అది నిజం కాదు.

చూడండి, కాలర్ అటాచ్ చేసే అమ్మాయికి ఒక పీసుకి 1.2 నిమిషం పడుతోంది. గంటకి 50. ఆమె ముందున్న వాళ్ళు గంటకి 80 చేసినా, తర్వాతి వాళ్ళు 90 చేయగలిగినా, లైన్ నుంచి గంటకి 50కి మించి రావు. పెళ్ళి బంతిలో అన్నీ వడ్డించేసి సాంబారు బకెట్ ఒక్కటే ఉంటే ఏమవుతుంది, వరసంతా చేతులు కట్టుకుని చూస్తుంది కదా, అదే. ఇప్పుడు సూపర్‌వైజర్ వచ్చి ఎవరిమీద అరుస్తాడు? ఆ అమ్మాయి మీదే. కానీ చేయాల్సింది అక్కడ ఇంకో మిషన్ వేయడం, లేదా ఆ ఆపరేషన్‌లో కొంత భాగం పక్కవాళ్ళకి ఇవ్వడం, లేదా కాలర్ బ్యాండ్‌కి నాచ్, అంటే ముక్కలు కలపడానికి గుర్తుగా పెట్టే చిన్న గాటు, సరిగ్గా కోశారో లేదో కటింగ్‌లో చూడటం. నాచ్ ఒక పక్కకి జరిగితే ఆమె ప్రతి పీసునీ సర్దుకుంటూ కుట్టాలి, టైమ్ అక్కడ పోతుంది. మీకు మీ సిలబస్‌లో వర్క్ స్టడీ ఉంది, లైన్ బ్యాలెన్సింగ్ ఉంది, అవి ఫార్ములాలు బట్టీ పట్టి పరీక్ష రాసే సబ్జెక్టులు కాదు, ఎవరిమీద అరవకూడదో తెలుసుకునే సబ్జెక్టులు.

ఇప్పుడు దీన్ని కాస్టింగ్‌లోకి తీసుకెళ్దాం. ఫ్యాక్టరీకి ఒక ఆపరేటర్ మీద రోజుకి జీతం, పీఎఫ్, కరెంటు, అద్దె, ఆఫీసు ఖర్చులు, మన జీతాలు అన్నీ కలిపి 1,200 రూపాయలు పడుతోంది అనుకుందాం, ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి రెండున్నర. షర్టుకి 20 నిమిషాలు కాబట్టి 50 రూపాయలు. కానీ లైన్ 50 శాతం మీద నడుస్తోంది కదా, అంటే ప్రతి షర్టుకి నిజానికి 40 నిమిషాల ఖర్చు, 100 రూపాయలు. దీన్నే సీఎం అంటాం, కటింగ్ మేకింగ్ చార్జి. దీనికి బట్ట, ట్రిమ్స్ అంటే గుండీలు లేబుళ్ళ లాంటివి, ప్యాకింగ్, పోర్టు దాకా రవాణా, లాభం కలిపితే ఎఫ్ఓబీ రేటు, అంటే సరుకు ఓడ ఎక్కించేదాకా అయ్యే రేటు.

బయర్ మెయిల్ పెట్టాడు, పది రూపాయలు తగ్గించు అని. బట్ట రేటు తగ్గదు, నూలు రేటు మన చేతిలో లేదు. గుండీలు, లేబుళ్ళు బయర్ చెప్పిన సప్లయర్ దగ్గరే కొనాలి, అక్కడా తగ్గదు. మిగిలింది సీఎం. మర్చండైజర్ సీఎం గడిలో 100 చెరిపేసి 90 కొట్టి మెయిల్ పంపేస్తాడు, ఆర్డర్ కన్ఫర్మ్, చప్పట్లు. మరి ఆ పది రూపాయలు ఎక్కడినుంచి వస్తాయి? 90 రావాలంటే లైన్ 50 నుంచి 55, 56 శాతానికి ఎక్కాలి. అది ఎక్కడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పని పద్ధతి బాగుపడాలి, మిషన్‌కి బట్ట మడిచిచ్చే ఫోల్డర్ పెట్టాలి, ఫీడింగ్ అంటే లైన్‌కి కోసిన ముక్కలు అందించడం టైమ్‌కి జరగాలి, స్టైల్ మారేటప్పుడు మిషన్లు ముందే రెడీ చేసుకోవాలి. రెండోది, ఆరు గంటలకి గంట కొట్టాక ‘ఇంకో అరగంట కూర్చోండమ్మా, టార్గెట్ అవ్వలేదు’ అనడం, ఆ అరగంటకి లెక్క లేకపోవడం, బాత్రూమ్‌కి వెళ్తే ముఖం చిట్లించడం. మొదటి దారి తెలీని చోట రెండో దారే నడుస్తుంది. అందుకే చెప్తున్నా, మీరు ఎక్సెల్‌లో కొట్టే ఆ అంకె ఎవరో ఒకరి నిమిషం. ఎవరిదో తెలిసి కొట్టండి.

ఇంకో సంగతి కూడా ఉంది. లైన్ ఎఫిషియెన్సీ పడిపోవడానికి కారణాల్లో మర్చండైజర్ వాటా ఎంతుంటుందో ఎవరూ మాట్లాడరు. మెయిన్ లేబుల్ రాలేదు. అది మెడ దగ్గర, యోక్ కుట్టేటప్పుడే పడాలి. లేబుల్ లేకుండా యోక్ ఆగింది, యోక్ ఆగితే షోల్డర్ ఆగింది, కాలర్ ఆగింది, వెనకంతా ఆగింది. టీఎన్ఏలో, అంటే ఏ పని ఏ తేదీకి అవ్వాలో రాసుకునే టైమ్ అండ్ యాక్షన్ ప్లాన్‌లో, ‘లేబుల్ ఆర్డర్’ అని ఒక వరస ఉంటుంది, దాన్ని ఆర్ట్‌వర్క్ అప్రూవల్ కోసం వారం ఆపారు, ఎందుకంటే బయర్‌కి రిమైండర్ పెట్టడం ఎవరికో మొహమాటం. ఆ వారం ఎక్కడా కనబడదు, అది చివరికి ఫ్లోర్‌లో ఓవర్‌టైమ్‌గా కనబడుతుంది, లేదా షిప్‌మెంట్ ఓడలో పోవాల్సింది ఎయిర్‌లో పోతుంది, పోతే ఆ ఆర్డర్ మీద వచ్చే లాభమంతా విమానం ఖర్చుకే పోతుంది. ప్రోటో అంటే మొదటి నమూనా, ఫిట్, సైజ్ సెట్, పీపీ అంటే ప్రొడక్షన్‌కి ముందు చివరిది, ఇన్ని సాంపిల్స్ ఎందుకురా బాబూ అని మీకు అనిపిస్తుంది, ప్రతి సాంపిల్ దగ్గర ఒక నిర్ణయం తేలాలి, తేలకుండా ముందుకి తోస్తే అది బల్క్‌లో, అంటే మొత్తం ఆర్డర్ కుట్టేటప్పుడు, తేలుతుంది, బల్క్‌లో తేలడం అంటే వేల పీసులు విప్పడం.

నేను చూసిన ఒక విషయం చెప్తాను. ఒక ఫ్యాక్టరీకి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన అమ్మాయి, మీ వయసే, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక ఆపరేటర్ వెనక నిలబడి టైమ్ స్టడీ చేస్తోంది. ఆపరేటర్ స్పీడ్ తగ్గించేసింది, అందరూ తగ్గిస్తారు, ఎందుకంటే స్టాప్‌వాచ్ వచ్చిందంటే రేపటినుంచి టార్గెట్ పెరుగుతుందని వాళ్ళకి తెలుసు, అది మోసం కాదు, భయం. ఈ అమ్మాయి కాసేపు చూసి వాచీ జేబులో పెట్టేసి, స్టూల్ లాక్కుని పక్కన కూర్చుని ‘అక్కా, ఇందులో నీకు విసుగొచ్చేది ఏంటి’ అని అడిగింది. ఆవిడ బండిల్ చూపించింది. పీసులన్నీ చుట్టి బట్ట పేలికతో బిగించి కట్టారు. ‘ఈ ముడి విప్పలేక చస్తున్నా, గోళ్ళు విరిగిపోతున్నాయి, కుట్టాక మళ్ళీ అట్లాగే కట్టమంటారు’ అంది. కుట్టే టైమ్‌లో ఏ లోపమూ లేదు, ముడి దగ్గర పోతోంది, అదీ ఒక్క ఆవిడకి కాదు, ఆ బండిల్ ఎంతమంది చేతులు మారితే అన్నిసార్లు. ముడి తీసేసి క్లిప్పులు పెట్టారు. అంతే. ఖర్చు ఏమంత లేదు. ఇంజనీరింగ్ అంటే ఇది కూడా. ఆ అమ్మాయి తెలుగులో అడిగింది కాబట్టి, స్టూల్ మీద కూర్చుని అడిగింది కాబట్టి ఆ జవాబు వచ్చింది.

ఈ చదువుకి ఎంత బలముందో మీకు ఒక చరిత్ర చెప్పాలి, పక్క దేశానిది. బంగ్లాదేశ్ స్వతంత్రమైంది 1971లో, అప్పటికి అక్కడ ఎగుమతి గార్మెంట్ పరిశ్రమ అంటూ దాదాపు లేదు. నూరుల్ ఖాదర్ అని ఒక మాజీ ప్రభుత్వ అధికారి దేశ్ గార్మెంట్స్ అని కంపెనీ పెట్టి, 1978లో దక్షిణ కొరియా కంపెనీ దేవూతో ఒప్పందం చేసుకున్నాడు. అప్పట్లో మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ అని కోటాలు, అంటే ఒక్కో దేశం ఎంత ఎగుమతి చేయొచ్చో హద్దులు ఉండేవి, 1974 నుంచి, కొరియా లాంటి దేశాలకి కోటా నిండిపోయింది కాబట్టి వాళ్ళకి ఆ హద్దు లేని దేశం కావాలి. ఆ ఒప్పందంలో భాగంగా సుమారు 130 మందిని కొరియాలో పుసాన్‌లో ఉన్న దేవూ ఫ్యాక్టరీకి ఆరు నెలల ట్రైనింగ్‌కి పంపారు. కుట్టు ఒక్కటే నేర్పలేదు, ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్, క్వాలిటీ, మార్కెటింగ్ అన్నీ కలిపి నేర్పారు. ఇక్కడే నాకు ఒళ్ళు పులకరిస్తుంది, ఆ 130 మందిలో ఎక్కువమంది తర్వాత కొన్నేళ్ళలో బయటికొచ్చి సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, లేదా కొత్త ఫ్యాక్టరీల్లో చేరి వాటిని నిలబెట్టారు. దాంతోపాటు బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ, బాండెడ్ వేర్‌హౌస్ అనే రెండు ఏర్పాట్లు, అంటే చేతిలో డబ్బు లేకపోయినా ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ చూపించి బట్ట తెచ్చుకోవచ్చు, డ్యూటీ కట్టకుండా దాచుకోవచ్చు. ఈరోజు చైనా తర్వాతి స్థానంలో బంగ్లాదేశ్, వియత్నాం పోటీ పడుతున్నాయి. 2005 జనవరి 1న కోటాలు పోయినప్పుడు బంగ్లాదేశ్ పని అయిపోయిందని చాలామంది అన్నారు, అవలేదు. పని తెలిసిన మనుషులు అప్పటికే తయారై ఉన్నారు. ఆ పుసాన్ బ్యాచ్‌కి ‘నేను మర్చండైజింగ్, నువ్వు ప్రొడక్షన్’ అనే గీత లేదు, అది గుర్తుపెట్టుకోండి.

అదే దేశం గురించి రెండోది కూడా చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. 2013 ఏప్రిల్ 24, ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా. ఎనిమిదంతస్తుల బిల్డింగ్, అందులో ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీలు, కింద షాపులు, ఒక బ్యాంకు. ముందు రోజే గోడల్లో పగుళ్ళు కనిపించాయి. బ్యాంకు తన స్టాఫ్‌ని రావద్దంది, షాపులు మూసేశారు. గార్మెంట్ వర్కర్లని మాత్రం మర్నాడు పొద్దున్న లోపలికి రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందన్నారు. బిల్డింగ్ కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు, మీ అక్కల వయసు వాళ్ళు. శిథిలాల్లో పశ్చిమ దేశాల బ్రాండ్ల లేబుళ్ళు, ఆర్డర్ కాగితాలు వెతికి పట్టుకుంటే తప్ప ఎవరి ఆర్డర్లు అక్కడ నడుస్తున్నాయో తేలలేదు. బిల్డింగ్ మీద అక్రమంగా అంతస్తులు వేసిన ఓనర్ తప్పు ఉంది, పర్మిషన్లు ఇచ్చినవాళ్ళ తప్పు ఉంది, అది వేరే సంగతి. కానీ ఆ రోజు పొద్దున్న ఆ మేనేజర్ల బుర్రలో తిరుగుతున్నది ఏంటి? షిప్‌మెంట్ డేట్. ఆ డేట్లు ఎక్కడ పుడతాయి? మనలాంటి వాళ్ళ టీఎన్ఏల్లో పుడతాయి. రెండుసార్లు రేటు తగ్గించి, మూడుసార్లు డిజైన్ మార్చి, డెలివరీ డేట్ మాత్రం జరపని ఆర్డర్లు రోజూ నడుస్తుంటాయి. ఆ తర్వాత అకార్డ్ అని బ్రాండ్లకీ యూనియన్లకీ మధ్య చట్టబద్ధమైన ఒప్పందం వచ్చింది, వేల సంఖ్యలో లోపాలు సరిచేశారు, చాలా మార్పు వచ్చింది. మీ కంప్లయన్స్ క్లాసు బోర్‌గా ఉంటుందని నాకు తెలుసు, ఎగ్జిట్ డోర్ వెడల్పు, ఫైర్ డ్రిల్ రిజిస్టర్, అవన్నీ. ఆ రిజిస్టర్ వెనక మనుషులున్నారు, దయచేసి ఆ క్లాసులో పడుకోకండి.

మన దగ్గరికి వద్దాం. మీలో ఉత్తరాంధ్ర వాళ్ళున్నారా? అచ్యుతాపురం తెలుసు కదా, అక్కడ సుమారు 1,000 ఎకరాల్లో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ పెట్టిన అపారెల్ సిటీ ఉంది, చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్ళు పొద్దున్నే బస్సుల్లో వస్తారు. వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, 2017లో శంకుస్థాపన, కేరళ కంపెనీ కైటెక్స్, కొరియా కంపెనీ యంగ్‌వన్ అక్కడికి వచ్చాయి. ఒకప్పుడు వరంగల్‌లో 1934లో మొదలైన ఆజం జాహీ మిల్లు ఉండేది, అది మూతపడ్డాక మన పత్తి ఎనుమాముల మార్కెట్ నుంచి లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయి నూలై, బట్టై, చొక్కాయై తిరిగి మన షాపులకే వస్తోంది. మా బంధువుల్లో పత్తి రైతులున్నారు, ఆ లారీలు చూసినప్పుడల్లా నాకు ఈ ఆలోచనే. ఇప్పుడు ఫ్యాక్టరీలు ఇక్కడికే వస్తున్నాయి. మరి ఆ ఫ్యాక్టరీల్లో ఐఈలు అంటే ఇండస్ట్రియల్ ఇంజనీర్లు, మర్చండైజర్లు, క్వాలిటీ మేనేజర్లు ఎవరు? తిరుపూర్ నుంచో, బెంగళూరు నుంచో, కొలంబో నుంచో వస్తారు, వాళ్ళు బాగా పని తెలిసినవాళ్ళు, వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ ఎలమంచిలి నుంచి వచ్చిన ఆపరేటర్‌తో ఆవిడ భాషలో, ఆవిడ యాసలో మాట్లాడగలిగే ఇంజనీర్ మీరే కదా. ఆ బండిల్ ముడి సంగతి ఇంకెవరికి చెప్తుంది ఆవిడ?

చదువు విషయం. నిఫ్ట్‌లో బీఎఫ్‌టెక్, అంటే ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ, నాలుగేళ్ళ కోర్సు, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి, హైదరాబాద్ క్యాంపస్ 1995 నుంచి ఉంది. యూనివర్సిటీల్లో టెక్స్‌టైల్ టెక్నాలజీ ఉంది, హోమ్‌సైన్స్ వైపు అపారెల్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఏటీడీసీ, అంటే అపారెల్ ట్రైనింగ్ అండ్ డిజైన్ సెంటర్, లాంటి చోట్ల చిన్న కోర్సులూ ఉన్నాయి. ఏది చేసినా నాలుగైదు పనులు చేత్తో రావాలి. ఒక షర్టు మొదటినుంచి చివరిదాకా మీరే కుట్టాలి, అందంగా రాకపోయినా పర్లేదు, కాలర్ ఎందుకు కష్టమో చేతికి తెలియాలి. జీఎస్ఎం కట్టర్‌తో ముక్క కోసి, బరువు చూసి, వందతో గుణించడం ఎలాగూ నేర్పుతారు, అక్కడితో ఆగకుండా ఆ బట్టని ఉతికి మళ్ళీ కొలవండి, జీఎస్ఎం పెరిగిందా తగ్గిందా, ఎందుకు అని ఆలోచించండి. కుట్లు చూడగానే గుర్తుపట్టాలి, ఇది 301 లాక్‌స్టిచ్, ఇది 401 చెయిన్‌స్టిచ్, ఇది 504 ఓవర్‌లాక్, ఇది 406 కవర్‌స్టిచ్ అని. ఇంట్లో బీరువా తెరిచి అన్ని బట్టలూ తిప్పి లోపలి వైపు చూడండి, అంతకంటే మంచి ల్యాబ్ లేదు.

ఏక్యూఎల్ టేబుల్ చదవడం రావాలి, అంటే లాట్‌లో ఎన్ని పీసులు తీసి చూడాలి, ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చు అని చెప్పే పట్టిక. 3,000 పీసుల లాట్‌కి జనరల్ లెవెల్ 2లో 125 పీసులు తీస్తారు, ఏక్యూఎల్ 2.5 అయితే 7 లోపాల దాకా పాస్, 8 వస్తే ఫెయిల్. ఈ ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఒక ఫ్యాక్టరీ రాత్రి నిద్ర ఉంటుంది. ఫెయిలైతే మొత్తం లాట్ మళ్ళీ చెక్ చేయాలి, డబ్బాలన్నీ విప్పాలి.

ఇంకోటి, రంగులు. ల్యాబ్ డిప్ అప్రూవల్ అంటే చిన్న బట్ట ముక్కకి రంగు వేసి బయర్‌కి పంపడం, కొంతమంది ఊరికే మళ్ళీ చెయ్యి మళ్ళీ చెయ్యి అంటారు. అద్దకం ఎంత నీళ్ళు తాగుతుందో, ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలిస్తే అలా అనరు. తిరుపూర్‌లో నొయ్యల్ నది పాడైపోయి, కింద రైతుల పొలాలు పాడైపోయి, చివరికి 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లని మూసేయమంది, మురుగునీరు ఒక్క చుక్క బయటికి వదలకుండా శుద్ధి చేస్తేనే నడపాలని చెప్పింది. ఊరంతా స్తంభించిపోయింది. తర్వాత వాళ్ళు ఆ పద్ధతి నేర్చుకున్నారు, ఖర్చుతో, కష్టంతో. షేడ్ లైట్ బాక్స్‌లో డీ65 అనే పగటి వెలుతురు లాంటి లైటు కింద ఒకలా, షాపు లైటు కింద ఇంకోలా కనిపిస్తుంది, ముందే బయర్‌తో ఏ లైటో తేల్చుకుంటే నాలుగు డిప్పులు మిగులుతాయి. ఇది మర్చండైజర్ పనే.

సరే, ప్రశ్నలు.

ఆ అమ్మాయి, ఎర్ర చున్నీ, చెప్పమ్మా. త్రీడీ సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఆటోమేషన్ వచ్చింది, కుట్టేవాళ్ళు ఉండరేమో అంటావా. కటింగ్‌లో మిషన్లు వచ్చేశాయి, మార్కర్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ప్రోటో సాంపిల్ చాలాచోట్ల స్క్రీన్ మీదే చూసేస్తున్నారు, అది మంచిదే, బట్ట మిగులుతుంది, రోజులు మిగులుతాయి. పాకెట్, కాజా, బెల్ట్ లూప్ లాంటివి ఆటోమేటిక్ మిషన్లు చేస్తున్నాయి. కానీ బట్ట మెత్తనిది, రేకులాగా నిలబడదు, జారుతుంది, సాగుతుంది, రెండు పొరల్ని పట్టుకుని సర్దుతూ మిషన్ కింద నడిపించే పని మనిషి వేళ్ళు చేసినంత బాగా ఇంకా ఏదీ చేయట్లేదు. అందుకే ఇన్నేళ్ళయినా ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ వేలమంది మిషన్ల ముందు కూర్చునే ఉన్నారు. త్రీడీ నేర్చుకో, తప్పకుండా నేర్చుకో, కానీ బట్ట చేత్తో పట్టుకోకుండా త్రీడీ చేస్తే స్క్రీన్ మీద వేలాడిన తీరు బల్క్‌లో రాదు.

జీతం గురించా? నిజం చెప్తాను, మొదటి జీతం చూసి మీ సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్‌తో పోల్చుకుంటే నిరాశ పడతారు. మొదటి రెండు మూడేళ్ళు కష్టమే. పని వచ్చినవాళ్ళకి తర్వాత పెరుగుతుంది, ఫ్యాక్టరీ, బయింగ్ హౌస్, బ్రాండ్ సోర్సింగ్ ఆఫీసు, ఎటైనా వెళ్ళొచ్చు, విదేశాల్లో కూడా మనవాళ్ళు చాలామంది ప్రొడక్షన్ మేనేజర్లుగా ఉన్నారు. కానీ డబ్బు ఒక్కటే లెక్క అయితే ఇది మీ కోర్సు కాదు, ఇప్పుడే తెలుసుకోవడం నయం.

చివర్లో ఆ బాబు, నువ్వు చాలాసేపటినుంచి చెయ్యెత్తావు. ఇంటర్న్‌షిప్ మర్చండైజింగ్‌లో అడగాలా, ప్రొడక్షన్‌లో అడగాలా. ఒక పని చెయ్యి నాన్నా, డిపార్ట్‌మెంట్ అడగొద్దు, ఒక ఆర్డర్ అడుగు. చిన్న ఆర్డరే, ఐదారు వేల పీసులదైనా చాలు. ‘ఈ స్టైల్‌ని టెక్‌ప్యాక్ నుంచి కంటైనర్ ఎక్కేదాకా ఫాలో అవుతాను, ఎక్కడికి పోతే అక్కడికి పోతాను’ అని అడుగు. మొదట వింతగా చూస్తారు, ఒకటి రెండు చోట్ల కుదరదంటారు, మూడోచోట ఒప్పుకుంటారు. ట్రిమ్ కార్డ్ నువ్వే చెయ్యి, పీపీ మీటింగ్‌లో నోట్స్ రాయి, కటింగ్ రోజు టేబుల్ దగ్గర ఉండు, లైన్‌లో ఫీడింగ్ మొదలైన రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా అక్కడే ఉండు, ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో టైమ్‌తో సహా రాసుకో. ఆ కాగితం నీ రిపోర్టు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం ఏదైనా సరే, ఊరెళ్ళకు.